2014, 2016 ఎఫ్-150: పొడవు ఒకటే, క్యాప్ మాత్రం కుదరదు

మీరు అడిగినవి మూడు సంగతులు. డాలస్ దగ్గర మీ ఇంటి గరాజ్ 20 అడుగుల లోతు, తలుపు 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. అందులో నాలుగు తలుపుల ఫోర్డ్ పికప్ ట్రక్కు ఎఫ్-150 సూపర్‌క్రూ పడుతుందా అన్నది ఒకటి. మీ స్నేహితుడు ఊరికే ఇస్తానన్న 2013 ఎఫ్-150 ఫైబర్‌గ్లాస్ క్యాప్ (వెనుక తొట్టి మీద బిగించే గట్టి పైకప్పు), మీరు బేరమాడుతున్న 2016 బండికి సరిపోతుందా అన్నది రెండోది. ఒకే సంవత్సరం, ఒకే పేరున్న ట్రక్కుకి ఒక్కో సైట్ ఒక్కో పొడవు ఎందుకు చూపిస్తోంది అన్నది మూడోది. మూడోదాంతో మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా రెండూ సగం తేలినట్టే.

పికప్ కొలతలు సంవత్సరాన్ని బట్టి మారేది చాలా తక్కువ. తరం (కంపెనీ బండిని కొత్తగా రూపొందించిన దశ), క్యాబ్ (మనుషులు కూర్చునే భాగం), బెడ్ (సామాను వేసే వెనుక తొట్టి) ఈ మూడింటిని బట్టే మారతాయి. 2016 ఎఫ్-150నే తీసుకోండి. రెగ్యులర్ క్యాబ్‌కి (రెండు తలుపులది) 6.5 అడుగుల బెడ్ ఉంటే బండి మొత్తం పొడవు 209.3 అంగుళాలు. సూపర్‌క్రూకి 5.5 అడుగుల బెడ్ ఉంటే 231.9. అదే సూపర్‌క్రూకి 6.5 బెడ్ ఉంటే 243.7. సూపర్‌క్యాబ్‌కి (వెనుక చిన్న తలుపులున్నది) 8 అడుగుల బెడ్ ఉంటే 250.5. అంటే ఒకే ఏడాది, ఒకే పేరు, కానీ చిన్నదానికీ పెద్దదానికీ 41 అంగుళాల తేడా. మరోవైపు 2014 సూపర్‌క్రూ 5.5ని, 2016 సూపర్‌క్రూ 5.5ని పక్కపక్కన పెడితే పొడవులో తేడా కంటికి ఆనదు, రెండూ 232 అంగుళాల దగ్గరే. 2021లో కొత్త తరం వచ్చాక కూడా అది 231.7. సైట్లలో కనిపించే గందరగోళానికి కారణం ఇదే: ఒకరు క్యాబ్ రాయరు, ఇంకొకరు బెడ్ రాయరు, మరొకరు ఏదో ఒక ట్రిమ్ (అదే మోడల్‌లో ఒక రకం) కొలత తీసుకుని సంవత్సరం మొత్తానికీ అంటించేస్తారు.

బెడ్ పేర్లను కూడా నమ్మకండి. ఫోర్డ్ '5.5 అడుగులు' అనేది నిజానికి 67.1 అంగుళాలు, అంటే 5 అడుగుల 7 అంగుళాలు. ర్యామ్ వాళ్లు తమ 67.4 అంగుళాల బెడ్‌ని '5 అడుగుల 7 అంగుళాలు' అనే అంటారు. పేర్లు చూస్తే అంగుళం తేడా ఉన్నట్టుంటుంది, టేపు పెడితే ఉండదు. ఫోర్డ్ 6.5 అంటే 78.9, 8 అంటే 97.6. ఇప్పటి షెవీ సిల్వరాడో 1500లో ఇవే వరుసలు 69.9, 79.4, 98.2. ఇక ఫోర్డ్ సూపర్ డ్యూటీ (ఎఫ్-250, ఆ పైవి) షార్ట్ బెడ్ 6.75 అడుగులు. ఎఫ్-150 6.5 బెడ్ కవరో క్యాపో కొని ఎఫ్-250 మీద పెట్టబోయి తిప్పి పంపేవాళ్లకు కొదవ లేదు.

ఇప్పుడు తరాల సంగతి. ఎఫ్-150కి దగ్గరి గీతలు ఇవి: 2004–2008, 2009–2014, 2015–2020, 2021 నుంచి ఇప్పటిదాకా. మధ్యలో 2018లో, 2024లో వచ్చినవి ముఖం మార్పులు మాత్రమే. గ్రిల్, బంపర్, లైట్లు, టెయిల్‌గేట్ (బెడ్ వెనుక తలుపు) మారాయి. క్యాబ్, బెడ్ మూలరూపం మారలేదు. ముఖం మార్పు వచ్చిన ఏడాదిని కొత్త తరం అనుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొత్త కవర్లు కొనడం ఒక రకం పొరపాటు. తరం మారిన ఏడాదిని ముఖం మార్పు అనుకుని పాత సామాను కొనడం దానికన్నా ఖరీదైన పొరపాటు. మీరు 2013 క్యాప్ విషయంలో ఆ రెండోదాని అంచున ఉన్నారు.

కొత్త తరం అంటే ప్రతిసారీ పెరగడమే అనుకోకండి. ఎఫ్-150 రెగ్యులర్ క్యాబ్ 6.5 బెడ్ 2014 వరకు 213.2 అంగుళాలు ఉండేది, వీల్‌బేస్ (ముందు చక్రాలకీ వెనుక చక్రాలకీ మధ్య దూరం) 126. 2015లో అది 209.3కి తగ్గింది, వీల్‌బేస్ 122 చిల్లర. పెరిగేది ఎక్కువగా నాలుగు తలుపుల బండ్లే, ఎందుకంటే అమ్ముడయ్యేవి అవే.

ఎక్కడ పెరిగిందన్నది కూడా చూడాలి. షెవీ సిల్వరాడో క్రూ క్యాబ్ షార్ట్ బెడ్ 2018లో 230.0 అంగుళాల పొడవు, 143.5 వీల్‌బేస్. 2019 కొత్త తరంలో 231.7, 147.4. పొడవు 2 అంగుళాలు కూడా పెరగలేదు, వీల్‌బేస్ మాత్రం దాదాపు 4 పెరిగింది. అంటే చక్రాలు మూలల వైపు జరిగాయి, వెనుక సీట్లో కాళ్లకు చోటు వచ్చింది. గరాజ్‌లో మీకు పెద్ద తేడా తెలియదు, పార్కింగ్ లాట్‌లో మలుపు తిప్పేటప్పుడు తెలుస్తుంది. నిస్సాన్ ఫ్రాంటియర్ దీనికి ఉల్టా. క్రూ క్యాబ్ షార్ట్ బెడ్ వీల్‌బేస్ 2021లోనూ 2022 కొత్త బండిలోనూ 125.9 అంగుళాలే. పొడవు మాత్రం 205.5 నుంచి 210.2కి పోయింది. పెరిగిన 4.7 అంగుళాలూ ముందు చక్రాలకు ముందు, వెనుక చక్రాలకు వెనుక ఉన్నాయి. మలుపు పెద్దగా మారదు, గరాజ్‌లో మాత్రం ముక్కు గోడకు తగులుతుంది. టయోటా టకోమా 2015 నుంచి 2016కి మారినప్పుడూ దాదాపు ఇదే జరిగింది: డబుల్ క్యాబ్ షార్ట్ బెడ్ 208.1 నుంచి 212.3 అయింది, వీల్‌బేస్ 127 చిల్లర దగ్గరే ఆగింది.

ఎందుకిలా పెరుగుతాయి అంటే వెనుక సీటు, క్రాష్ టెస్టులు, పెద్ద టైర్లు అన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికాలో ఇంధన పొదుపు లక్ష్యాన్ని బండి 'ఫుట్‌ప్రింట్' బట్టి నిర్ణయిస్తారు. అంటే వీల్‌బేస్‌ని ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో గుణిస్తే వచ్చేది. ఫుట్‌ప్రింట్ పెద్దదైతే ఆ బండికి పెట్టే లక్ష్యం కాస్త సులువవుతుంది. కంపెనీలు దీనికోసమే పెంచాయని ఒక్క మాటలో తేల్చలేం కానీ, తగ్గించడానికి వాళ్లను తొందరపెట్టేదేమీ ఇందులో లేదన్నది మాత్రం వాస్తవం.

సంవత్సరం చూసి కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇంకొకటి ఉంది. కొత్త తరం వచ్చినా పాత బండిని అదే ఏడాది, పక్కన ఇంకో పేరు తగిలించి అమ్ముతారు. 2004లో ఎఫ్-150 హెరిటేజ్ అని అమ్మింది పాత తరం బండి. 2007లో సిల్వరాడో క్లాసిక్ కూడా అంతే. 2019లో సిల్వరాడో 1500 ఎల్‌డి అన్నది 2018 దాకా వచ్చిన పాత శరీరం. 2022లో సిల్వరాడో ఎల్‌టిడి అన్నది ముఖం మార్పుకు ముందుది. ర్యామ్ 1500 క్లాసిక్ అయితే 2019 నుంచి 2024 దాకా కొత్త ర్యామ్ పక్కనే అమ్ముడైంది. యాడ్‌లో '2020 ర్యామ్ 1500 క్రూ క్యాబ్' అని మాత్రమే ఉంటే అది 229 అంగుళాల పాతదో, 232.9 అంగుళాల కొత్తదో ఆ మాటల్లో తెలియదు. బెడ్ పొడవు రెంటికీ ఒకటే అయినా కొత్తదాని పక్క గోడలు అంగుళంన్నర ఎత్తు ఎక్కువ. తేల్చుకోవడానికి ఫొటోలో చక్రం దగ్గరకు వెళ్లి నట్లు లెక్కపెట్టండి. 5 ఉంటే క్లాసిక్, 6 ఉంటే కొత్త తరం. అమ్మేవాడి మాట కన్నా ఇదే నయం.

మీ ఎఫ్-150కి గుర్తుపట్టే దారి ఇంకా సులువు. విన్ నంబర్‌లో (బండి గుర్తింపు సంఖ్య) పదో అక్షరం మోడల్ ఇయర్: డి అంటే 2013, ఇ అంటే 2014, ఎఫ్ అంటే 2015, జి అంటే 2016. అయిదు నుంచి ఏడు దాకా ఉన్న మూడు గుర్తుల్లో డబ్ల్యూ1సి గానీ డబ్ల్యూ1ఇ గానీ ఉంటే సూపర్‌క్రూ, ఎక్స్1 తో మొదలైతే సూపర్‌క్యాబ్, ఎఫ్1 తో మొదలైతే రెగ్యులర్ క్యాబ్. చివరి సి టూ వీల్ డ్రైవ్, ఇ ఫోర్ వీల్ డ్రైవ్. కానీ బెడ్ పొడవు విన్‌లో ఉండదు. దానికి డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు చట్రం మీద అంటించిన లేబుల్ చూడాలి. కింది వరసలో 'డబ్ల్యూబి' (వీల్‌బేస్) అన్న గడి ఉంటుంది. సూపర్‌క్రూకి అక్కడ 145 ఉంటే 5.5 బెడ్, 157 ఉంటే 6.5 బెడ్. సూపర్‌క్యాబ్‌కి 145 ఉన్నా బెడ్ 6.5 కావచ్చు, అందుకే విన్‌నీ లేబుల్‌నీ కలిపే చదవాలి. అదే లేబుల్ మీద తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. దాన్ని మోడల్ ఇయర్ అనుకోకండి. 2014 చివర్లో డియర్‌బోర్న్ ప్లాంట్‌లో కొత్త 2015 బండ్లు మొదలైనప్పుడు కాన్సాస్ సిటీ ప్లాంట్‌లో ఇంకా పాత 2014 బండ్లే వస్తున్నాయి. నెల ఒకటే, తరాలు రెండు.

బండి ఎదురుగా ఉంటే ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. 2015 నుంచి ఎఫ్-150 బాడీ, బెడ్ అల్యూమినియం. బెడ్ పక్క గోడకు అయస్కాంతం పెడితే జారి కింద పడుతుంది. 2014 దాకా స్టీలు, టక్కున అతుక్కుంటుంది. ఛాసిస్ ఫ్రేమ్ మాత్రం రెండింటికీ స్టీలే, అక్కడ పరీక్షించి తికమక పడకండి.

సరే, గరాజ్. 20 అడుగులంటే 240 అంగుళాలు. సూపర్‌క్రూ 5.5 పొడవు 231.9. మిగిలేది 8 అంగుళాలు, జానెడు కన్నా తక్కువ. ఇండియాలో అలవాటైన లెక్కలో చెప్పాలంటే ఈ ట్రక్కు 5,890 మిల్లీమీటర్లు, ఇన్నోవా క్రిస్టా కన్నా సుమారు 115 సెంటీమీటర్లు ఎక్కువ. 6.5 బెడ్ సూపర్‌క్రూ 243.7 కాబట్టి దాని ఊసే వద్దు. సూపర్‌క్యాబ్ 6.5 తీసుకుంటే చోటు కలిసొస్తుందని కొందరంటారు. కలిసిరాదు, అదీ 231.9 అంగుళాలే. క్యాబ్‌లో తగ్గించింది బెడ్‌కి ఇచ్చారు, అంతే.

ఆ 8 అంగుళాలూ కాగితం మీద ఉన్నవి. 20 అడుగులు అని ఇంటి ప్లాన్‌లో రాసింది ఒక్కోసారి బయటి కొలత, లోపల గోడల మధ్య దూరం దానికన్నా తక్కువే. గరాజ్ తలుపు మూసి, తలుపు లోపలి వైపు నుంచి ఎదుటి గోడ దాకా టేపు పట్టండి. నేల మీద ఒకసారి, రెండడుగుల ఎత్తులో ఒకసారి. బంపర్ ఉండేది ఆ ఎత్తులో. ఇంట్లోకి ఎక్కే మెట్టు, వాటర్ హీటర్ దిమ్మె, గోడకు వేసిన షెల్ఫ్ ఉంటే గోడ కాదు, అదే మీ హద్దు. తలుపు లోపలి పలకలకు అడ్డంగా ఉన్న బలపు పట్టీలు కూడా అంగుళం రెండు అంగుళాలు లోపలికి పొడుచుకొస్తాయి. ట్రక్కు వైపు చూస్తే, కంపెనీ పొడవులో, ట్రెయిలర్ తగిలించడానికి వెనుక హిచ్‌కి పెట్టే బాల్ మౌంట్ ఉండదు. దాన్ని పిన్ తీసి లాగి పక్కన పెట్టాల్సిందే. ముందు వేసిన గ్రిల్ గార్డు, నంబర్ ప్లేట్ బ్రాకెట్ కూడా లెక్కలో ఉండవు.

ఇందులో చాలామంది చూడని చిన్న చిక్కు ఒకటి. గరాజ్ తలుపు కింద రెండు వైపులా ఉండే సెన్సర్ కళ్లు నేల నుంచి 6 అంగుళాలు దాటకుండా పెడతారు. ట్రక్కు వెనుక బంపర్ దానికన్నా చాలా ఎత్తులో ఉంటుంది. బంపర్ తలుపు దారిలోకి రెండు అంగుళాలు పొడుచుకొచ్చినా ఆ కాంతి గీత బంపర్ కింద నుంచి హాయిగా వెళ్లిపోతుంది. తలుపుకి అడ్డేమీ కనబడదు, దిగి నేరుగా బంపర్ మీద కూర్చుంటుంది. ఏదైనా తగిలితే వెనక్కి వెళ్లే ఏర్పాటు మోటారుకి ఉన్నా, ఆ లోపు తలుపు పలక సొట్ట పడుతుంది. కాబట్టి మొదటి వారం ఇంకొకరిని పక్కన నిలబెట్టి మూయండి. చోటు కుదిరాక ముందు టైరు ఆగాల్సిన చోట నేలకు రబ్బరు దిమ్మె బిగించండి. తాడుకు కట్టి వేలాడదీసిన టెన్నిస్ బంతి కన్నా అదే నమ్మకం, ఎందుకంటే డ్రైవర్ సీటు ముందుకీ వెనక్కీ జరిపితే బంతి లెక్క మారుతుంది.

వెడల్పు దగ్గర మీకు నిజంగా ఇబ్బంది ఉంది. 2016 ఎఫ్-150 వెడల్పు అద్దాలు లేకుండా 79.9 అంగుళాలు, మామూలు అద్దాలు తెరిచి ఉంటే 96.8, మడిస్తే 83.5. మీ తలుపు 8 అడుగులు, అంటే 96. అద్దాలు తెరిచి ఉంటే దూరనే దూరదు. 2021 తర్వాతి బండికి అద్దాలతో 95.7. అది దూరుతుంది అనకూడదు, ఎందుకంటే చట్రం పక్కన తలుపుకి పెట్టిన రబ్బరు పట్టీలు కూడా కొంత తినేస్తాయి. అద్దాలు మడిచి వెళ్తే ఒక్కో పక్క 6 అంగుళాలు మిగులుతాయి, డ్రైవ్‌వే నేరుగా ఉంటే అది చాలు, వంకరగా ఉంటే కష్టం. కాబట్టి బటన్‌తో మడిచే అద్దాలు ఉన్న ట్రిమ్ వెతకండి, రోజూ రెండుసార్లు దిగి చేత్తో మడవడం వారం తర్వాత ఎవరూ చేయరు. ట్రెయిలర్ లాగడానికి పెట్టే పెద్ద అద్దాలున్న బండి మాత్రం మీకొద్దు.

ఎత్తుకి పెద్ద భయం లేదు. సూపర్‌క్రూ ఫోర్ బై ఫోర్ 77 అంగుళాల చిల్లర, తలుపు 84. అయితే తెరిచినప్పుడు తలుపు కింది అంచు పూర్తిగా పైకి పోదు, ఒకటి రెండు అంగుళాలు కిందికే ఉంటుంది. మోటారుకి వేలాడే ఎర్ర తాడు ఇంకా కిందికి ఉంటుంది. బండిని ఎత్తు లేపే లిఫ్ట్ కిట్ వేసినా, పైన లైట్ బార్ పెట్టినా, 33 అంగుళాల టైర్లు మార్చినా బ్రోషర్ ఎత్తు చెల్లదు. పాత బండి అయితే బ్రోషర్ వదిలేసి పైకప్పు మీద అడ్డంగా కర్ర పెట్టి నేలకు టేపు పట్టడమే మేలు. క్యాప్ వేసినా చాలా రకాలు క్యాబ్ ఎత్తుకే ఉంటాయి. క్యాబ్ దాటి ఉబ్బెత్తుగా లేచే హైరైజ్ రకం మాత్రం 7 అడుగుల తలుపుకి పనికిరాదు.

ఇక క్యాప్. సూటిగా చెప్పాలంటే 2013 క్యాప్ 2016కి వేయకండి. బెడ్ పొడవు రెంటికీ 67 అంగుళాలే కాబట్టి పెట్టి చూస్తే కూర్చున్నట్టే ఉంటుంది. అక్కడే మోసం. క్యాప్ కూర్చునేది బెడ్ నేల మీద కాదు, పక్క గోడల పై అంచుల మీద. 2015లో బెడ్‌ని పూర్తిగా అల్యూమినియంలో కొత్తగా చేశారు. వీల్ వెల్స్ (బెడ్‌లోకి ఉబ్బి వచ్చే చక్రాల గూళ్లు) మధ్య దూరం 50.0 నుంచి 50.6 అయింది. పై అంచుల రూపం, టెయిల్‌గేట్ పై అంచు వంపు, మూలల్లో లైట్ల పై గీత మారాయి. అందుకే క్యాప్ కంపెనీలు 2009–2014కి ఒక అచ్చు, 2015 నుంచి ఇంకో అచ్చు పెడతాయి. పాతది బలవంతంగా పెడితే వెనుక రెండు మూలల్లో సందు వస్తుంది, టెయిల్‌గేట్ మీది రబ్బరు సరిగ్గా నొక్కుకోదు. మొదటి టెక్సాస్ వానకే నీళ్లు బెడ్‌లో నిలుస్తాయి. నీళ్లు రాకపోయినా దుమ్ము వస్తుంది. కదిలేటప్పుడు బెడ్ వెనుక గాలి వలయం ఏర్పడి, సందు ఎక్కడుంటే అక్కడి నుంచి లోపలికి లాగుతుంది.

ఫోమ్ టేపు రెండు పొరలు వేసి సర్దుకుంటామనేవాళ్లుంటారు. ముందు గోడ మీద అది పనిచేస్తుంది, వెనుక మూలల్లో పనిచేయదు. పైగా ఫైబర్‌గ్లాస్ అంచు ఒకచోట ఆని, ఒకచోట గాల్లో ఉంటే క్లాంపు బిగించినప్పుడు వంగుతుంది, కొన్నాళ్లకు కిటికీ మూలల దగ్గర పెయింటు మీద వెంట్రుకంత బీటలు మొదలవుతాయి.

క్యాప్ వదులుకోబుద్ధి కాకపోతే 2014 బండినే కొనడం ఒక దారి. 2009 నుంచి 2014 దాకా 5.5 బెడ్ సూపర్‌క్రూకి అది నేరుగా సరిపోతుంది. రాప్టర్ (ఎఫ్-150లో ఆఫ్‌రోడ్ రకం) అయితే మాత్రం ముందు సరిచూసుకోండి, దాని పక్క గోడలు వెడల్పు. ముందు క్యాప్‌ని కొలవండి, మీ స్నేహితుడి బండి 6.5 బెడ్‌దై ఉంటే ఈ చర్చే అనవసరం. క్యాప్‌ని దుప్పటి మీద పెట్టి, కింది అంచున ముందు చివర నుంచి వెనుక చివర దాకా, తర్వాత ముందు వెడల్పు, వెనుక వెడల్పు విడివిడిగా తీయండి. బెడ్‌కి కూడా అవే మూడు కొలతలు, టెయిల్‌గేట్ మూసి. బెడ్‌లో పొడవుని ముందు గోడ లోపలి నుంచి మూసిన టెయిల్‌గేట్ లోపలి దాకా నేల మీద ఒకసారి, పై అంచు దగ్గర ఒకసారి తీయాలి. రెండూ ఒకటే ఉండాలని లేదు, క్యాప్‌కీ కవర్‌కీ పనికొచ్చేది పై కొలతే.

ఎక్కించేటప్పుడు నలుగురు ఉండాలి. ముందు గోడ మీద బోలు రబ్బరు సీలు, పక్క అంచుల మీద ఫోమ్ పట్టీ వేసి, క్యాప్‌ని వెనుక నుంచి ఈడ్చకుండా ఎత్తి దించండి. ఈడిస్తే సీలు మడత పడుతుంది, మడత ఉన్నచోటే కారుతుంది. షార్ట్ బెడ్‌కి నాలుగు క్లాంపులు చాలు, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. వంద మైళ్లు తిరిగాక ఫోమ్ అణుగుతుంది, మళ్లీ ఒకసారి బిగించండి. బెడ్‌లో పై అంచు మీదకు మడిచి వచ్చే ప్లాస్టిక్ లైనర్ ఉంటే క్లాంపు దాని మీద జారుతుంది. అంచు వరకు కోసేయాలి, లేదా అంచు కింద ఆగే రకం లైనరో స్ప్రే లైనరో ఉండాలి.

2016 బండి కొని, దానికి తగిన క్యాప్ వేరే వెతుక్కుంటే రెండు జాగ్రత్తలు. అల్యూమినియం అంచులకు రంధ్రాలు వేయకండి, క్లాంపులే వాడండి, క్లాంపుకీ అంచుకీ మధ్య రబ్బరు ముక్క ఉండాలి. ఉత్త స్టీలు బోల్టు అల్యూమినియానికి నేరుగా తగిలి తడి తగిలితే దాని చుట్టూ తెల్ల పొడి రేగి లోహం తినేస్తుంది. రెండోది బ్రేక్ లైటు. క్యాప్ వేస్తే క్యాబ్ వెనుక ఉన్న మూడో బ్రేక్ లైటు కనబడదు కాబట్టి క్యాప్‌కి ఉన్న లైటుకి కరెంటు ఇవ్వాలి. ఆ తీగని క్యాబ్ మూడో బ్రేక్ లైటు దగ్గర నుంచే తీసుకోండి. వెనుక లైట్ల జోలికి పోవద్దు. కొన్ని ట్రిమ్‌లలో పక్క బండ్లను పసిగట్టే సెన్సర్ ఆ లైటు లోపలే ఉంటుంది, పాడైతే మొత్తం లైటు మార్చాలి, దాని ధర వింటే క్యాప్ ఊరికే వచ్చిందన్న సంతోషం పోతుంది.

స్నేహితుడు క్యాప్‌తో పాటు చక్రాలు కూడా ఇస్తానంటే ఇంకో మాట. 2004 నుంచి ఎఫ్-150కి 6 బోల్టులు, 135 మిల్లీమీటర్ల వృత్తం, అది మారలేదు. పాత చక్రం కొత్త బండికి కూర్చుంటుంది. కానీ ఆ బోల్టుల (స్టడ్‌ల) మర 2014 దాకా 14 బై 2.0, 2015 నుంచి 14 బై 1.5. పాత నట్లు పట్టుకొచ్చి ఎయిర్ గన్‌తో తిప్పితే రెండు చుట్లలో మర చెడిపోతుంది. చక్రాలు తీసుకోండి, నట్లు మీ బండివే వాడండి.

చివరగా, మీ గరాజ్‌కి అసలు ఫుల్ సైజ్ కావాలా అన్నది ఆలోచించండి. 2016–2023 టకోమా డబుల్ క్యాబ్ షార్ట్ బెడ్ 212.3 అంగుళాలు. మీ 240లో 27 అంగుళాలు మిగిలి ముందు నుంచి మనిషి నడవొచ్చు. 2024 కొత్త తరం పొడవు 213.0 మాత్రమే, కానీ వీల్‌బేస్ 127.4 నుంచి 131.9కి, వెడల్పు 74.4 నుంచి మామూలు ట్రిమ్‌లలో 76.9కి పెరిగాయి. పొడవు చూసి 'ఏమీ మారలేదు' అనుకోవద్దు. బెడ్‌లో వీల్ వెల్స్ మధ్య 41.5 నుంచి 44.7 అయింది. హోమ్ డిపో నుంచి 4 బై 8 ప్లైవుడ్ తెచ్చుకుంటే దానికి 48 కావాలి, కాబట్టి రెండు తరాల్లోనూ షీటు వీల్ వెల్స్ మధ్య కింద పడుకోదు. పక్క గోడల్లోని గుంటల్లో అడ్డంగా చెక్క బద్దలు పెట్టి వాటి మీద పరచాలి. ఫోర్డ్ రేంజర్ ఈ లెక్కను మార్చింది: 2019–2023లో 44.8 ఉన్నది 2024 తరంలో 48.2 అయింది, బండి పొడవు మాత్రం 210.8 నుంచి 210.6. షీటు సరిగ్గా దూరుతుంది, ప్లాస్టిక్ లైనర్ వేస్తే దూరదు.

అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు 'పొడవెంత' అని అడగకండి, గూగుల్ చేసి చెబుతారు. డ్రైవర్ తలుపు లేబుల్ ఫొటో ఒకటి, టెయిల్‌గేట్ మూసి బెడ్‌లో టేపు పెట్టిన ఫొటో ఒకటి, చక్రం దగ్గరి ఫొటో ఒకటి అడగండి.